హెడ్మాస్టర్లను సింగపూర్ పంపితే మన బడులు బాగుపడతాయా?

గోదారిగట్టు: 2023 ఫిబ్రవరిలో పంజాబ్ ప్రభుత్వం 36 మంది ప్రిన్సిపాళ్లను శిక్షణకని సింగపూర్ పంపింది. అదే సమయంలో ఢిల్లీలో టీచర్లను ఫిన్లాండ్ పంపడం మీద ప్రభుత్వానికీ, లెఫ్టినెంట్ గవర్నర్‌కీ పెద్ద రగడ. మన హెచ్‌ఎంలనూ పంపాలని మా స్టాఫ్‌రూములో సగం మంది అంటున్నారు. నాకైతే దండగ అనిపిస్తుంది. మీరేమంటారు?

మండలం మాస్టారు: దండగే. సింగపూర్‌లో హెడ్ కాబోయేవాళ్లకు ముందు ఆరు నెలల కోర్సు ఉంటుంది. మన దగ్గర సీనియారిటీ వస్తే ప్రమోషన్, ఆర్డరు అందితే కుర్చీ. చిన్న బడులకు ఆ కుర్చీ కూడా లేదు. విద్యాహక్కు చట్టం లెక్కలో ప్రైమరీకి 150 మంది పిల్లలు దాటితేనే ప్రధానోపాధ్యాయుడు. మా బడిలో నలభై మంది. ఇన్‌ఛార్జిని నేనే, పాఠం నాదే, కోడిగుడ్ల లెక్క నాదే. నన్ను విమానం ఎక్కిస్తే మర్నాడు బడి తాళం ఎవరు తీస్తారు?

క్రోయిడన్ నాన్న: నేను లండన్‌లో ఉంటాను. ఇక్కడి హైస్కూళ్లను బాగుచేయడానికి 2003లో లండన్ ఛాలెంజ్ అనే ప్రభుత్వ కార్యక్రమం మొదలుపెట్టారు, 2011 దాకా నడిచింది. టిమ్ బ్రిగ్‌హౌస్ అనే ఆయన దాన్ని ముందుండి నడిపించారు. అది విదేశీ యాత్రల మీద నడిచింది కాదు. బాగా నడుస్తున్న బడి హెడ్‌ని వెనకబడ్డ బడి హెడ్‌కి తోడివ్వడం అందులో ఓ ముఖ్యమైన పని. అప్పటిదాకా చిన్నచూపు చూసిన లండన్ హైస్కూళ్లు తర్వాత దేశంలోనే ముందువరసకొచ్చాయి.

లెక్కల టీచర్: కథ సగమే చెప్పారండీ. 2014లో ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఫిస్కల్ స్టడీస్ అనే అక్కడి పరిశోధన సంస్థ వాళ్లు ఆరా తీస్తే, మార్పు అంతకుముందే ప్రైమరీ బడుల్లో మొదలైందని తేలింది. పునాది గట్టిగా పడ్డ పిల్లలే హైస్కూలుకొచ్చారు. పేరంతా హెడ్‌లకే కట్టబెడితే ఒకటో తరగతి టీచరమ్మకు అన్యాయం కాదూ?

క్రోయిడన్ నాన్న: అదీ నిజమే. ఒప్పుకున్నా.

రిటైర్డ్ హెచ్‌ఎం: నేను హైస్కూలు హెచ్‌ఎంగా చేరిన కొత్తలో పొద్దంతా బిల్లులు, రిటర్నులే. పక్కూరి హెచ్‌ఎం ఒకావిడ ఒకసారి వచ్చి, “సార్, ప్రార్థన అయ్యాక ఆఫీసులోకి కాదు, ఆరో తరగతిలోకి వెళ్లండి” అంది. వెళ్లాను. సగం మందికి రెండో తరగతి వాచకం చదవడం రాదు. అప్పటికి నేను చేరి నాలుగు నెలలు! సిగ్గేసింది. మర్నాటి నుంచి మొదటి పీరియడ్ నేనే తీసుకున్నా. ఆవిడ బస్సు టికెట్టు పన్నెండు రూపాయలు.

గోదారిగట్టు: చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగులు మనకు ఉన్నది అందుకేగా మరి?

మండలం మాస్టారు: ఉన్నాయి. సంతకం, సర్క్యులర్, టీ, ఇంటికి. ఇంతవరకూ ఒక్కరూ మా క్లాసులో కూర్చోలేదు. ఈసారి మీటింగు మా బడిలోనే, పదింటికి ఐదో తరగతికి భాగహారం చెప్తా. వచ్చి కూర్చోండి, తప్పులుంటే మొహం మీదే చెప్పండి. ఫొటో తీసి యాప్‌లో మాత్రం పెట్టకండి బాబూ.