‘ఆముదపు చెట్టే మహావృక్షం’: ఇందులో వెటకారం ఎక్కడుంది?

తాటాకు: ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం అంటాం కదా. దాని శ్లోకం రెండో సగం నోటికొస్తోంది: ‘నిరస్తపాదపే దేశే ఏరండోఽపి ద్రుమాయతే’. మొదటిది ‘యత్ర విద్వజ్జనో నాస్తి’ దగ్గర ఆగిపోయింది. మా ఊళ్ళో ఐదో తరగతి చదివిన పెద్దాయన ఒకరుండేవారు. మనియార్డర్ ఫారం నింపాలన్నా, ఉత్తరం చదివించుకోవాలన్నా అందరూ ఆయన అరుగు మీదికే. నిన్న ఆయన మాటొస్తే ఒకరు ఈ సామెత విసిరారు. మనసు చివుక్కుమంది.

చల్క మాస్టారు: ‘శ్లాఘ్యస్తత్రాల్పధీరపి’. హితోపదేశం. పండితులు లేని చోట అల్పబుద్ధికీ మెప్పే అని. వెటకారమే.

క్యఙంతం: ‘శ్లాఘ్యః’ అంటే పొగడదగినవాడు మాస్టారూ, ఊరికే పొగిడించుకునేవాడు కాదు. ‘ద్రుమాయతే’ అంటే ద్రుమ ఇవ ఆచరతి. చెట్టు అనిపించుకోవడం కాదు, చెట్టులా నడుచుకోవడం. ఉన్నంతలో నీడ పట్టడం.

చల్క మాస్టారు: ‘ఇవ’, అంటే ‘లాగా’ అన్నాక చెట్టు కాదనేగా! పైగా ‘ఏరండోఽపి’, ఆముదం కూడా అని. చులకనంతా ఆ ‘అపి’లో ఉంది. మా ఎర్ర చల్కల్లో ఆముదం వేసినవాణ్ణి, దాన్ని నేను తక్కువ చేయను. దీపానికీ, పసిపిల్లల మాడుకీ, బండి ఇరుసుకీ అదే నూనె. కానీ శ్లోకం చెప్పింది మాత్రం అదే.

గోదారి గట్టు: అల్పధీ అనగానే నాకు భర్తృహరిని తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవే గుర్తొస్తాడు. ‘తెలివి యొకింత లేనియెడ దృప్తుడనై’, అంటే గర్వించి. భర్తృహరి ‘కించిజ్ఞోఽహం’ అన్నాడు, కాస్త తెలిసినవాణ్ణని. మనవాడి ‘ఒకింత లేనియెడ’కు అర్థమేమిటి? బొత్తిగా లేనప్పుడనా, కాస్త తక్కువైనప్పుడనా? ‘ఒకింతయు’, అంటే ఏమాత్రమూ అనలేదు కాబట్టి నేను రెండోదే అంటాను.

క్యఙంతం: ‘యు’ చేరిస్తే చంపకమాల గణం చెడుతుందండీ. అందుకే వదిలాడు.

గోదారి గట్టు: లక్ష్మణకవికి ఒక్క ‘యు’ ఇమడ్చడం చేతకాకనా? నేనొప్పుకోను.

పలక: పద్యం పక్కకుపోతోంది గానీ ఒక్కమాట. నేను పదో తరగతి తప్పాను. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిబడి నడిపాను. ఒకరోజు ‘విద్యార్థి’కి ‘ధ’ ఒత్తు పెట్టి దిద్దించాను. తెల్లారాక తెలిసింది. రాత్రి లాంతరు ముందు తప్పు చెప్పుకుని మళ్ళీ దిద్దించాను. ఒకామె పలక ఉమ్మితో తుడిచి, “పోన్లే అబ్బాయ్, మాకు నువ్వన్నా వచ్చావు” అంది. ఆ జిల్లాలోనే దూబగుంట అనే ఊరి ఆడవాళ్ళు సారాను ఎదిరించిన కథ అలాంటి బళ్ళలోనే పాఠమై ఊరూరా పాకింది. 1993లో సారా నిషేధం వచ్చింది. మాలో పండితులు ఎవరూ లేరు.

తాటాకు: మా పెద్దాయనా అంతే. తెలియకపోతే “ఇది నాకు తెలీదు, కరణం గారిని అడుగుదాం పద” అని తనే వెంట నడిచేవారు.

క్యఙంతం: అసలు ‘నిరస్త’ను ఎవరూ పట్టించుకోలేదు. నిరస్తం అంటే తొలగించినది. అది మొదటినుంచీ చెట్లు లేని చోటు కాదు, చెట్లు పోయిన చోటు. చదువుకున్నవాళ్ళంతా పట్నం వెళ్ళిపోయిన ఊరు లాంటిది.

చల్క మాస్టారు: ఇది బాగుంది. సామెతలోకి వచ్చేసరికి ‘లేని’ అయిపోయింది. అయినా ‘అపి’ దగ్గర నేను కదలను.

గోదారి గట్టు: ‘లేనియెడ’లోని ‘లేని’ కూడా చూడండి మరి…