అప్‌డేట్: బెండు ఇప్పుడు మునగట్లేదు

జొన్న దంటు లోపలి బెండుతో చేసిన గాలం బెండ్లు (చేప ఎర పట్టిందని చూపించడానికి నీళ్లపై తేలేవి) పది నిమిషాలకే నీళ్లు పీల్చి మునిగిపోతున్నాయని అడిగాను కదా, తప్పు దొరికింది. పక్కలకు రంగు వేసి కోసిన చివర్లు వదిలేశాను, నీళ్లు అక్కడి నుంచే ఎక్కుతున్నాయట. ఒకన్న చెప్పినట్టు చివర్లకు మూడు కోట్లు నెయిల్ పాలిష్ వేసి (మా ఆవిడది, తిట్లు పడ్డాయి), రాత్రంతా ఆరబెట్టి, బకెట్ నీళ్లలో వేసి, బెండు పైనున్న ఎర్ర కొన గోరంతే పైకి కనపడేదాకా గాలం దారానికి సీసం గుండ్లు ఒక్కొక్కటే తగిలించాను. ఆదివారం ధర్మసాగర్ చెరువు దగ్గర బెండు మూడు గంటలు నిటారుగా నిలబడింది. ఒకసారి మునగకుండా అడ్డంగా పడుకుంది, గుండు జారిందేమో అనుకున్నా, తీరా చూస్తే చేప ఎరను పైకి ఎత్తింది, దాంతో బెండును కిందికి లాగే గుండు బరువు తగ్గిందన్నమాట. దొరికినవి రెండు చిన్న పరక చేపలే. సాయంత్రం ఎండ మెరుపులో మాత్రం ఎర్ర కొన అస్సలు కనపడట్లేదు, ఈసారి నలుపు వేస్తా.