హోస్టులకు ప్యాచ్ వేయాల్సింది పట్టపగలా, శనివారం అర్ధరాత్రా?

గచ్చిబౌలి అడ్మిన్:

మా ఆఫీసులో ఎప్పుడూ తెగని వాదన ఇది. మాది ఆరు హోస్టుల క్లస్టర్, అంటే జట్టుగా పనిచేసే ఆరు సర్వర్లు. దాని మీద సుమారు 140 వర్చువల్ మెషీన్లు (వీఎంలు) నడుస్తున్నాయి, షేర్డ్ స్టోరేజి ఉంది, వీఎంలను హోస్టుల మధ్య తానే సర్దే డీఆర్ఎస్ కూడా ఉంది. హోస్టులను నడిపే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్ ఈఎస్ఎక్స్ఐకి ఏ ప్యాచ్ (లోపాలను సరిచేసే మార్పు) వచ్చినా శనివారం అర్ధరాత్రి దాటాకే వేయాలని మా మేనేజర్ గారి నియమం. బుధవారం ఉదయం 11 గంటలకు, స్టోరేజి వాళ్లూ నెట్‌వర్క్ వాళ్లూ సీట్లలో ఉండగా, ఒక్కో హోస్టునూ ఖాళీ చేసుకుంటూ వేయడమే మేలని నా వాదన.

2025 మార్చి 4న, అంటే మంగళవారం నాడు, వీఎంవేర్ యజమాని బ్రాడ్‌కామ్ ఈఎస్ఎక్స్ఐలో మూడు లోపాలను ఒకేసారి ప్రకటించి, వాటిని దాడుల్లో అప్పటికే వాడుతున్నట్టు సమాచారం ఉందని కూడా చెప్పింది. ఒక వీఎంలో అడ్మిన్ హక్కులు సంపాదించినవాడు ఆ లోపాలను కలిపి వాడుకుంటే ఆ వీఎం గోడ దూకి నేరుగా హోస్టులోకి వచ్చేయగలడు. తాత్కాలిక ఉపాయమేదీ లేదు, ప్యాచ్ ఒక్కటే దారి. అయినా మేము నియమం ప్రకారం శనివారం దాకా ఆగాము. వారం మధ్యలో అర్ధరాత్రికైనా అనుమతి అడుగుదామంటే, మా క్లయింట్లు అమెరికాలో ఉన్నారు; మన అర్ధరాత్రి న్యూయార్క్‌లో మధ్యాహ్నపు పనివేళ. హైదరాబాద్‌లో ఇలాంటి ఆఫీసులకు రాత్రి ఖాళీ అన్నది ఎప్పుడో పోయిన మాట.

పోనీ శనివారం రాత్రి ప్రశాంతంగా ఉంటుందా అంటే, వారానికోసారి తీసే ఫుల్ బ్యాకప్ నడిచేది సరిగ్గా ఆ రాత్రే. బ్యాకప్ మధ్యలో ఉన్న మెషీనును ఇంకో హోస్టుకు కదిలించబోతే ఆ రెండు పనులూ ఒకదానికొకటి అడ్డం తగులుతాయి.

నా తప్పు కూడా ఒకటి చెప్పుకుంటాను. ఒక ఆదివారం తెల్లవారుజామున 3 గంటల పది నిమిషాలకు నాలుగో హోస్టు మెయింటెనెన్స్ మోడ్‌లోకి (వీఎంలన్నీ ఖాళీ అయి మరమ్మతుకు సిద్ధమయ్యే స్థితిలోకి) పోకుండా 2 శాతం దగ్గర ఆగిపోయింది. ఒక వీఎం సీడీ డ్రైవ్‌కు ఆ హోస్టు లోకల్ డేటాస్టోర్‌లోని (సొంత డిస్కులోని) ఐఎస్ఓ ఫైలు, అంటే సీడీ నకలు, తగిలించి ఉండడమే కారణం. ఆ తగులును విడదీస్తే సరిపోయేది. కళ్లు మూతలు పడుతుండగా, ఆ వీఎంను ఆపేస్తే పోతుందనుకుని నేను పవర్ ఆఫ్ నొక్కింది దాని పక్క వరుసలో ఉన్న లైసెన్స్ సర్వర్‌ను. పగటిపూట అయితే పక్క సీటు నుంచి ఎవరో ఒకరు నా చేయి ఆపేవారు.

ప్యారడైజ్ సర్కిల్:

గచ్చిబౌలి గారూ, మీకు ఆరు హోస్టులు ఉన్నాయి కాబట్టి మీరు ఆ మాట అనగలుగుతున్నారు. నేను చూసేది ఒక ఆసుపత్రి సర్వర్ గది. ఉన్నవి రెండే హోస్టులు, ఒక్కోదానికి 384 జీబీ మెమరీ. మొదటిదాని మీద 230 జీబీ, రెండోదాని మీద 210 జీబీ వాడకంలో ఉంటుంది. రెండూ కలిపితే 440. ఒక హోస్టును పక్కన పెట్టగానే 56 జీబీకి చోటు లేక శిక్షణ మెషీన్లనూ నివేదికల మెషీనునూ ముందు ఆపాలి. ఆపిన తరువాత కూడా, మొదటి హోస్టు రీబూట్ అయి వచ్చే దాకా రెండోదానికి ఏమైనా అయితే ఆదుకునే దిక్కు లేదు. ఉదయం 10 నుంచి 1 గంట దాకా ఓపీ కిటికీల ముందు వరుసలు బయటి మెట్ల దాకా ఉంటాయి. ఆ సమయంలో నేను ఆ సాహసం చేయలేను.

హోస్టును ఖాళీ చేసే వీమోషన్, అంటే నడుస్తున్న వీఎంను ఆపకుండానే ఇంకో హోస్టుకు కదిలించడం, నొప్పి తెలియని పని అన్నట్టు మీరు రాశారు. మా లైసెన్స్ స్టాండర్డ్ రకం, అందులో వీమోషన్ ఉంది గానీ డీఆర్ఎస్ లేదు. కాబట్టి మెయింటెనెన్స్ మోడ్ నొక్కితే మెషీన్లు వాటంతట అవి కదలవు, ఒక్కొక్కటీ చేత్తో పంపాలి. పైగా మా వీమోషన్ లైను 1 గిగాబిట్. ల్యాబ్ డేటాబేస్ వీఎంకు 128 జీబీ మెమరీ ఉంది. లైను నిండుగా పారినా దాని మెమరీ మొత్తం ఒకసారి కాపీ కావడానికి 17 నిమిషాలు పడుతుంది. ఆ 17 నిమిషాల్లో మారిన పేజీలను మళ్లీ పంపాలి, అవి వెళుతుండగా ఇంకొన్ని మారుతాయి. పంపే వేగాన్ని రాసే వేగం మించిపోతే ఈఎస్ఎక్స్ఐ ఆ వీఎం ప్రాసెసర్‌ను కావాలనే నెమ్మదింపజేస్తుంది. అప్పుడు పైన ల్యాబ్‌లో రిపోర్టు తెరుచుకోక, నా ఫోను మోగడం మొదలవుతుంది. రాత్రి 1 గంటకు ఆ డేటాబేస్‌లో రాసేవారు దాదాపు ఉండరు, కదలిక మొదటి చుట్టుతోనే దాదాపు పూర్తవుతుంది. నేను రాత్రిని ఎంచుకున్నది భయంతో కాదండీ, ఈ లెక్కతో.

ప్యాచ్ వచ్చిన మర్నాడే వేయాలన్న తొందర మీదా నాకు అంత నమ్మకం లేదు. 2021 అక్టోబరులో వచ్చిన ఈఎస్ఎక్స్ఐ 7.0 అప్‌డేట్ 3ను నవంబరులో వీఎంవేర్ స్వయంగా వెనక్కి తీసుకుంది. సరిచేసిన 3సీ 2022 జనవరి చివరికి గానీ రాలేదు. ముందుగా పరుగెత్తినవారు ఆ రెండు నెలలూ ముందుకూ పోలేక వెనక్కూ రాలేక నలిగారు.

ఘట్‌కేసర్ ల్యాబ్:

మాది ఇంజనీరింగ్ కళాశాల, మూడు నోడ్ల (హోస్టుల) ప్రాక్స్‌మాక్స్, వీఎంవేర్ లాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్. ఇద్దరి వాదనల్లోనూ రాని సంగతి ఒకటి మాకు ఎదురవుతుంది. మూడు నోడ్లలో ఒకటి రీబూట్‌లో ఉండగా మరొకటి నెట్‌వర్క్ తప్పితే, మిగిలిన ఒక్కదానికి క్లస్టర్‌ను నడపడానికి కావలసిన మెజారిటీ ఉండదు. హెచ్ఏ (ఒక నోడు పోతే దాని వీఎంలను ఇంకోదానిలో లేపే ఏర్పాటు) పెట్టుకున్నవారికి వాచ్‌డాగ్ అనే కాపలా టైమర్ ఆ ఒక్క నోడునూ తానే రీబూట్ చేసేస్తుంది, దాంతో మొత్తం కూలుతుంది. అందుకే మా దగ్గర ప్రశ్న పగలా రాత్రా అన్నది కాదు, ఆ అరగంటలో స్విచ్‌ల జోలికి ఎవరూ పోరన్న హామీ ఉందా అన్నది. నెట్‌వర్క్ గుత్తేదారు మనుషులు పగలే వస్తారు కాబట్టి మేము సాయంత్రం 6 తరువాత చేస్తాము. సెఫ్ (నోడ్ల డిస్కులను కలిపి వాడే స్టోరేజి) వాడేవారు రీబూట్‌కు ముందు నోఅవుట్ జెండా (ఆగిన డిస్కులను లెక్క నుంచి తీసేయవద్దనే గుర్తు) పెట్టడం మరచిపోకండి. మరచిపోతే, నోడు పది నిమిషాల్లో లేవకపోయే పక్షంలో క్లస్టర్ ఆ నోడులోని డేటాను మిగిలిన డిస్కుల మీద సర్దడం మొదలుపెడుతుంది. ఆ తరువాత ఆ రోజంతా డిస్కులకు అదే పని.

మార్పుల రిజిస్టర్:

నేను అడ్మిన్‌ను కాను, మార్పులకు అనుమతి ఇచ్చే బల్లకు అవతల కూర్చునే మనిషిని. శనివారం అర్ధరాత్రి నియమం వెనుక సాంకేతిక కారణం కంటే పాత అలవాటే ఎక్కువగా ఉందని నాకు అనిపిస్తుంది. పగలు తప్పు జరిగితే అంతస్తు మొత్తానికి తెలుస్తుంది; రాత్రి జరిగితే తెల్లవారేలోగా సర్దేసి "విజయవంతం" అని రాసేయవచ్చు. గచ్చిబౌలి గారి లైసెన్స్ సర్వర్ సంఘటన వారి ఆఫీసు రిజిస్టర్‌లో ఏమని నమోదైందో అడగాలని ఉంది గానీ, అడగను.

ఒక విషయం మాత్రం ఇద్దరూ గమనించాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన దృష్టికి వచ్చిన 6 గంటల్లోగా తెలియజేయాలి, లాగ్‌లను (యంత్రాల్లో జరిగినవాటి నమోదులను) 180 రోజులు దేశంలోనే భద్రపరచాలి. ఈఎస్ఎక్స్ఐని ఎస్‌డీ కార్డు మీదో యూఎస్‌బీ మీదో పెట్టి, స్క్రాచ్ స్థలాన్ని (లాగ్‌లు రాసుకునే చోటును) డిస్కు మీద చూపించని హోస్టులో లాగ్‌లు మెమరీలోనే ఉంటాయి. ప్యాచ్ కోసం రీబూట్ చేసిన క్షణాన అవి మాయం. అంటే లోపాన్ని మూసే పనిలోనే, ఆ లోపం గుండా అంతకుముందు ఎవరైనా వచ్చారా అన్న ఆధారాన్ని మన చేతులతో తుడిచేసినట్టు. పగలు చేయండి, రాత్రి చేయండి. లాగ్‌లు బయటి సిస్‌లాగ్ సర్వర్‌కు వెళుతున్నాయని చూపించనిదే నేను సంతకం పెట్టను.

గచ్చిబౌలి అడ్మిన్:

రిజిస్టర్ గారూ, ఆ సంఘటన "వినియోగదారులపై ప్రభావం స్వల్పం" అని నమోదైంది. రాసింది నేనే.

ప్యారడైజ్ గారి మెమరీ లెక్క చూశాక నా మాటను కొంత దిద్దుకుంటాను. ఒక హోస్టు తగ్గినా మిగిలినవి భారం మోస్తూ, ఆపైన ఇంకొకటి పోయినా తట్టుకునే చోటే పగటి పని సాగుతుంది. రెండు హోస్టులతో అది కుదరదు. పెద్ద డేటాబేస్‌ల విషయంలో కూడా మీ మాటే సరైనది. మా 10 గిగాబిట్ లైను మీద సైతం 256 జీబీ వీఎం ఒకసారి కాపీ కావడానికి దాదాపు మూడున్నర నిమిషాలు పడుతుంది. మా దగ్గరున్న అలాంటి రెండు వీఎంల హోస్టును చివరికి ఉంచి సాయంత్రం 7కు చేయడానికి నాకు అభ్యంతరం లేదు.

అయితే మీ 7.0 అప్‌డేట్ 3 ఉదాహరణతో మాత్రం ఏకీభవించలేను. అది కొత్త సౌకర్యాలు మోసుకొచ్చిన అప్‌డేట్, దానికి నెల ఆగడం వివేకమే. దాడులు జరుగుతున్న లోపానికి వచ్చిన ప్యాచ్‌ను కూడా అదే వరుసలో నిలబెట్టడం దగ్గరే చిక్కు వస్తుంది. 2023 ఫిబ్రవరిలో ఈఎస్ఎక్స్ఐఆర్గ్స్ రాన్సమ్‌వేర్ ప్రపంచమంతటా హోస్టులను గుప్పిట పట్టినప్పుడు, దాడికి వాడుకున్నదని చెప్పిన ఈఎస్ఎక్స్ఐలోని ఓపెన్‌ఎస్ఎల్‌పీ అనే భాగపు లోపానికి ప్యాచ్ 2021 ఫిబ్రవరిలోనే వచ్చి ఉంది. రెండేళ్ల పాటు ఎన్ని శనివారాలు వాయిదా పడ్డాయో చూడండి. ఒక శనివారం పెళ్లి ముహూర్తం, ఇంకో శనివారం నెలాఖరు, ఆ తరువాత వినాయక నిమజ్జనం. వారంలో ఒక్క రాత్రినే నమ్ముకున్న పని ఆ రాత్రి తప్పితే ఏడు రోజులు వెనక్కి పోతుంది, పగటి పని తప్పితే రేపటికి పోతుంది.

ఇంకొక మాట. మనం శనివారం రాత్రి సగం, హోస్టులన్నిటినీ ఒకే చోటి నుంచి నిర్వహించే వీసెంటర్ అప్‌డేట్‌కే ఖర్చు చేస్తున్నాము. దానికి రాత్రి అవసరమే లేదు. వీసెంటర్ ఆగినా వీఎంలు ఆగవు, హెచ్ఏ కూడా హోస్టుల మధ్య తన పని తాను చేసుకుంటుంది. ఆ గంటలో వీమోషన్, డీఆర్ఎస్, వీసెంటర్ ద్వారా నడిచే బ్యాకప్‌లు మాత్రమే ఉండవు. ఎలాగూ హోస్టుల కంటే ముందు వీసెంటర్‌నే పైకి తీసుకెళ్లాలి కాబట్టి, ముందు దాని బ్యాకప్ తీసుకుని వారం మధ్యలో ఏ మధ్యాహ్నమో ముగించవచ్చు. హోస్టు విషయానికొస్తే, ప్యాచ్ తరువాత మొరాయిస్తే బూట్ అవుతున్నప్పుడు షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కితే పాత బూట్ బ్యాంకుకు (ప్యాచ్‌కు ముందున్న వెర్షన్‌కు) తిరిగి రావచ్చు. ఈ సంగతి తెలిసినవారు పక్కన ఉండడం, తెల్లవారుజామున ఫోనులో వెతుక్కోవడం ఒకటి కాదు.

ప్యారడైజ్ సర్కిల్:

వీసెంటర్ సంగతి ఒప్పుకుంటున్నాను. ఇన్నాళ్లూ రెండింటినీ ఒకే మూటగా కట్టి మోశాను.

మూడో హోస్టు కోసం రెండుసార్లు కాగితం పెట్టాను. 2023 డిసెంబరు నుంచి వీఎంవేర్ శాశ్వత లైసెన్స్ అమ్మకం ఆగిపోయి అంతా చందా పద్ధతి అయ్యాక, సర్వర్ కొనడంతోనే పని ముగియడం లేదు. ఒక్కో ప్రాసెసర్‌కు కనీసం 16 కోర్ల చొప్పున, రెండు ప్రాసెసర్ల సర్వర్‌కు ఏటా 32 కోర్ల చందా కట్టాలి. "ఇప్పుడు నడుస్తున్నది కదా" అని కాగితం రెండుసార్లూ తిరిగి వచ్చింది. ఈసారి మీరు చెప్పిన వాయిదాల లెక్కను కూడా జతచేసి పంపుతాను.

అప్పటిదాకా వచ్చే ప్యాచ్‌కు వీసెంటర్‌ను గురువారం మధ్యాహ్నం 3 గంటలకు, ఓపీ ఖాళీ అయ్యాక చేస్తాను. హోస్టులు మాత్రం శనివారం రాత్రికే. ఆ రాత్రి ఫుల్ బ్యాకప్‌ను ఆదివారానికి జరిపాను, సిస్‌లాగ్ సర్వర్‌కు చిన్న వీఎం ఒకటి లేపాను. దానికి కేటాయించిన 4 జీబీతో నా 56 ఇప్పుడు 60 అయింది.