బండి స్పీడు 75 దాటితే సీటు కింద జివ్వుమంటోంది, వీల్ బ్యాలెన్సింగ్ చేయించినా తగ్గట్లేదు

కోదాడ బండి:
అన్నలూ, మాది వెనక చక్రాలకు డ్రైవ్ ఉన్న పాత డీజిల్ బండి, ఏడు సీట్లది, వెనక స్ప్రింగులు కమాన్ పట్టీలే. లక్షన్నర కిలోమీటర్లు తిరిగింది. నెల రోజులుగా 75 దాటగానే సీటు కింద సన్నగా వణుకు మొదలవుతోంది, 90 దాకా ఉంటుంది, ఆ పైన నేనే పోనివ్వట్లేదు. స్టీరింగ్ అసలు కదలదు. కానీ గేర్ రాడ్ పక్కన పెట్టిన నీళ్ల సీసా చూస్తే లోపల నీళ్లు చిన్న చిన్న రింగులుగా అదురుతుంటాయి. వీల్ బ్యాలెన్సింగ్ రెండుసార్లు అయింది, అలైన్‌మెంట్ కూడా. ఇప్పుడు మెకానిక్ డిఫరెన్షియల్ (వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల డబ్బా) విప్పాలంటున్నాడు. విప్పించనా?

డీజిల్ బాబాయ్:
ఆగండి, అప్పుడే విప్పించకండి. ఖాళీ రోడ్డు మీద 80లో ఒకసారి నాలుగో గేర్, ఒకసారి ఐదో గేర్ వేసి చూడండి. వణుకు ఇంజిన్‌దైతే గేర్‌తో పాటు మారుతుంది. మారకపోతే అదే స్పీడులో న్యూట్రల్ చేసి వదలండి (ఇంజిన్ మాత్రం ఆపొద్దు, బ్రేకు గట్టిపడుతుంది), అప్పటికీ ఉంటే ప్రొపెల్లర్ షాఫ్టో (గేర్‌బాక్స్ నుంచి డిఫరెన్షియల్ దాకా తిరిగే పొడవాటి గొట్టం) చక్రమో. 80లో చక్రం సెకనుకు పది పదకొండు చుట్లు తిరుగుతుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ దానికి సుమారు నాలుగింతలు. చక్రానిదైతే బండి ఊగినట్టుంటుంది, షాఫ్ట్‌దైతే మీరన్నట్టు జివ్వుమంటుంది.

గుంటూరు4567:
ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు మార్చి చూడండి బ్రో, రూపాయి ఖర్చు లేదు.

కోదాడ బండి:
టైర్లు మార్చా, తేడా లేదు. గేర్ ఏదైనా అంతే, న్యూట్రల్‌లో కూడా ఉంది. ఇంకోటి చెప్పడం మర్చిపోయా, వణుకు మొదలవడానికి వారం ముందే షాఫ్ట్ దింపి క్రాసులు (షాఫ్ట్ కొసల్లో వంపులో కూడా తిరగనిచ్చే కీళ్లు) రెండూ కొత్తవి వేయించా. కొత్తవి కదా అని వాటి మీద అనుమానం రాలేదు.

లేత్ పనోడు:
అసలు ముక్క ఇప్పుడు చెప్పారు 😀 మీ షాఫ్ట్‌లో స్ప్లైన్ల (షాఫ్ట్ పొడవునా ఉండే పళ్ల గాట్లు) మీద జారే జాయింట్ షాఫ్ట్‌లోనే ఉంటే, దింపినప్పుడు రెండు ముక్కలూ విడిపోయి మళ్లీ ఎక్కించేటప్పుడు ఒకటి రెండు పళ్లు తేడాగా కూర్చుని ఉంటుంది. క్రాస్ వంపులో తిరిగేటప్పుడు షాఫ్ట్ ఒక్క చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. ఆ తేడాని రెండో చివర ఉన్న క్రాస్ సరిచేయాలి, అలా జరగాలంటే షాఫ్ట్ రెండు కొసల్లోని యోక్ (క్రాస్‌ని పట్టుకునే పంగ) చెవులు ఒకే లైన్లో ఉండాలి. బండి కింద దూరి చూస్తే కంటికే తెలుస్తుంది, చాలా షాఫ్ట్‌ల మీద బాణం గుర్తులు కూడా కొట్టి ఉంటాయి, మట్టి గోకి చూడండి. అది సరిగ్గానే ఉంటే కోణాలు కొలవండి. గేర్‌బాక్స్ వెనక కొస, డిఫరెన్షియల్ పినియన్ (షాఫ్ట్ వచ్చి కలిసే కొస) దాదాపు సమాంతరంగా ఉండాలి, ఒక డిగ్రీ కంటే ఎక్కువ తేడా ఉండకూడదు. ఫోన్‌లో లెవెల్ యాప్ చాలు. కానీ చక్రాలు నేల మీద ఉండగానే కొలవాలి, జాకీ మీద యాక్సిల్ వేలాడుతుంటే వచ్చే లెక్క దేనికీ పనికిరాదు. కిందికి దూరే ముందు చక్రాలకు అడ్డాలు పెట్టడం మర్చిపోకండి.

కోదాడ బండి:
లేత్ అన్నా, దండం. రెండూ ఉన్నాయి! బాణాలు కలవలేదు, ఒక పన్ను పక్కకి ఉంది. కొలిస్తే గేర్‌బాక్స్ దగ్గర 4 డిగ్రీల పైచిలుకు, పినియన్ దగ్గర 2. గేర్‌బాక్స్ మౌంటింగ్ రబ్బరు కుంగి వెనక కొస కిందికి వాలిపోయింది, వేలు పెట్టి నొక్కితే పిండిలా రాలింది. కొత్త మౌంటింగ్ వేసి, స్ప్లైన్ సరిచేసి కూర్చోబెట్టాం. నిన్న సూర్యాపేట దాకా వెళ్లొచ్చా, 85లో సీసాలో నీళ్లు కదల్లేదు. 95 దగ్గర మాత్రం కొంచెం హమ్ మిగిలింది.

లేత్ పనోడు:
ఆ కొంచెం బ్యాలెన్స్‌ది అయ్యుండొచ్చు. షాఫ్ట్ గొట్టానికి అంటిన గ్రీజు, మట్టి తుడిచి చూడండి, బ్యాలెన్స్ బిళ్ల (బరువు సమం చేయడానికి అతికే చిన్న ముక్క) ఏదైనా ఊడిపోయిన వెల్డింగ్ మచ్చ కనిపిస్తే షాఫ్ట్ దింపి మెషిన్ మీద బ్యాలెన్స్ చేయించాలి. ఈసారి దింపే ముందు సుద్దముక్కతో గీత గీయండి.