వాయిదా పడితే కోపం రావాలా?

తిరుపతి_గేమర్: లీలామహల్ సర్కిల్ దగ్గర ఫ్రెండ్ రూములో షూటర్ గేములు ఆడుతూ పెరిగినవాణ్ణి. ఎన్నాళ్లుగానో చూస్తున్న సీక్వెల్ మళ్లీ వాయిదా అంట, రాత్రి నిద్ర పట్టలేదు. కానీ తయారుచేసేవాళ్లు ఇంటికి కూడా వెళ్లకుండా పనిచేస్తారని అంటున్నారు, నిజమేనా అన్నా?

చిత్తూరు_టెస్టర్: నిజమే తమ్ముడూ. హాలో 2 అనే షూటర్ గేమ్ చూడు. 2003లో ఈ3 అనే గేముల ప్రదర్శనలో చూపించిన డెమోలో చాలా భాగం పక్కన పడేసి మళ్లీ కట్టాల్సి వచ్చింది, రిలీజ్ డేట్ 2004 నవంబర్ 9 దగ్గర పడేకొద్దీ దాన్ని తయారుచేసిన బంగీ టీమ్ నెలల తరబడి విపరీతంగా పనిచేసింది, అయినా టైమ్ చాలక చివరి భాగం కోసేశారు, అందుకే కథ సగంలో తెగినట్టుంటుంది. రిలీజ్‌కి ముందు ఇలా విపరీతంగా పనిచేయడాన్నే క్రంచ్ అంటారు. నేనూ బెంగళూరులో ఒక గేమ్ స్టూడియోలో ఈ కష్టం పడ్డాను. రిలీజ్‌కి ముందు రెండు నెలలు ఆదివారమే లేదు. అమ్మకి జ్వరమొస్తే నాలుగు గంటల దారి కూడా రాలేకపోయాను, అది ఇప్పటికీ గుచ్చుతుంది.

అలిపిరి_మెట్లు: అదే సిరీస్‌లోని హాలో ఇన్ఫినిట్ 2020లో రావాల్సింది. జులైలో చూపిస్తే గ్రాఫిక్స్ బాలేదని అందరూ విమర్శించారు, చివరికి 2021 డిసెంబర్ 8న వచ్చింది. ఏడాది ఆగాం, హాయిగా ఆడాం. డేట్ జరిపితే తిట్టకండి.

తిరుపతి_గేమర్: అమ్మ ఇప్పుడు బాగున్నారా అన్నా? నేను రాత్రి పెట్టిన కోపం పోస్టు తీసేస్తున్నా.