వారంలో రెండు రోజులు ఫుట్‌బాల్, రెండు రోజులు ఎంఎంఏ: కలిసొస్తాయా, కాళ్లకు అడ్డం పడతాయా?

పదోనంబర్ (చర్చ మొదలు)

పోటీలకు వెళ్లకుండా సరదాకి ఆడేవాళ్ల గురించే ఈ ప్రశ్న. వారానికి నాలుగు పూటలు ఖాళీ ఉన్నాయి అనుకుందాం. రెండు ఫుట్‌బాల్‌కి, రెండు ఎంఎంఏకి (గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిసిన పోరాట ఆట). ఒక వర్గం ఏమంటుందంటే, ఫుట్‌బాల్ ఆడేవాళ్లకి ఊపిరి, కాళ్ల బలం, ఒంటికాలి మీద నిలకడ ముందే ఉంటాయి, మ్యాట్ మీద సగం పని అయిపోయినట్టే అని. రెండో వర్గానికి ఇది రెండు పడవల మీద కాళ్లు పెట్టడం. అక్కడి అలసట ఇక్కడ మోకాలి మీదకొస్తుంది, ఇక్కడ తిన్న దెబ్బ అక్కడ పరుగెత్తేటప్పుడు బయటపడుతుంది.

నా ఓటు రెండూ కలిపి చేయడానికే, స్పారింగ్‌తో (జోడీతో నిజంగా తలపడే ప్రాక్టీస్‌తో) సహా. కాదనేవాళ్లు "ఒళ్లు చూసుకుని చేయండి" అని వదిలేయకుండా ఏ రోజు ఏం చేయాలో, ఏం మానాలో, ఎందుకో చెప్పండి.

గార్డ్‌పాస్

కాలు ముందే తయారుగా ఉంటుందన్నది సగమే నిజం. రెండింట్లోనూ తన్నడమే, కానీ ఆ రెండు తన్నులూ దూరపు చుట్టాలు కూడా కావు.

ఫుట్‌బాల్‌లో ఆనుకున్న కాలు బంతి పక్కన పాతుకుపోవాలి, వేళ్లు లక్ష్యం వైపు చూడాలి. తన్నే కాలి చీలమండ కిందికి చాచి బిగించి, పాదం పైభాగంతో కొడతాం. ఎంఎంఏ రౌండ్ కిక్‌లో (పక్క నుంచి తిప్పి కొట్టే తన్ను) ఆనుకున్న కాలు తిరగాలి. అడుగు కొంచెం పక్కకు వేసి, మునివేళ్ల మీద తిరుగుతూ మడమ లక్ష్యం వైపు వచ్చేదాకా తిప్పాలి. తుంటి బోర్లా పడాలి. తగలాల్సింది షిన్ ఎముక (మోకాలి కింద ముందు వైపుండేది) కింది భాగం, పాదం కాదు.

ఫుట్‌బాల్ అలవాటుతో వచ్చినవాళ్లు రెండు తప్పులు చేస్తారు. ఒకటి, పాదంతో కొడతారు. ఎదుటివాడి మోచేయి అడ్డొచ్చిందంటే పాదంలోని సన్నటి ఎముకలు చిట్లుతాయి. రెండోది ఇంకా ప్రమాదం: ఆనుకున్న పాదం తిరగదు, పైన తుంటి తిరుగుతుంది, మధ్యలో మెలిపడేది మోకాలు. మ్యాట్ మీద ఒట్టికాలికి పట్టు ఎక్కువ కాబట్టి ఆ మెలిక ఎటూ జారిపోదు.

దీనికి మందు, తన్ను లేకుండా తిప్పడం ఒక్కటే నేర్వడం. గోడకి చేయి ఆనించి, ఒక్కో కాలికి 10 చొప్పున మూడు విడతలు. మడమ ఎటు చూస్తోందో ప్రతిసారీ ఆగి చూసుకోవాలి. అది వంటబట్టాకే ప్యాడ్ (తన్నడానికి జోడీ పట్టుకునే మెత్త) జోలికి వెళ్లాలి.

ఎడమకాలు

గార్డ్‌పాస్ గారూ, తన్ను గురించి ఒప్పుకుంటా. కానీ ఫుట్‌బాల్ ఇచ్చేది తన్ను ఒక్కటే కాదు కదా. దగ్గర పాస్ ఇచ్చేటప్పుడు పాదం లోపలి వైపు తిప్పి తోస్తామే, జూడోలో కాలు ఊడ్చే ఎత్తుకి దానికన్నా మంచి పునాది లేదు. ఎదుటివాడి బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు మారే క్షణాన్ని పట్టుకోవడం డ్రిబ్లింగ్‌లో రోజూ చేసే పనే. అడుగుల దూరం అంచనా కూడా అంతే. స్వీడన్ ఫుట్‌బాలర్ జ్లాటన్ ఇబ్రహీమోవిచ్‌కి టైక్వాండోలో బ్లాక్ బెల్ట్ ఉంది, ఆ గోల్స్ చూడండి.

గార్డ్‌పాస్

జ్లాటన్‌ని తెస్తే వాదన తిరగబడుతుంది అన్నా. టైక్వాండో ఫుట్‌బాల్‌కి పనికొచ్చిందని చెప్పినట్టయింది. మన ప్రశ్న దానికి ఎదురు దిక్కు.

కాలు ఊడ్చడం గురించి మీరు చెప్పింది మాత్రం నిజం. అందులో ఫుట్‌బాల్ వాళ్లు తొందరగా ఎక్కివస్తారు. కాకపోతే చూపు కిందకి, చేతులు నడుము దగ్గర. ఆ రెండూ మానేదాకా ఊడ్చడానికి వెళ్లి మొహం మీద తింటారు.

ఎడమకాలు

చేతులు నడుము దగ్గర అన్నది ఒప్పుకోక తప్పదు :)

ఊపిరి సంగతి ఎవరూ ఎత్తలేదు. మ్యాచ్ మొత్తం పరుగెత్తేవాళ్లు గ్రాప్లింగ్‌లో (ఒకరినొకరు పట్టుకుని పెనుగులాడటంలో) రెండు నిమిషాలకే చేతులెత్తేస్తారు. దాన్ని చూసి "ఫుట్‌బాల్ స్టామినా వేస్ట్" అనడం తప్పు. పరుగులో కండరం బిగిసి వదులుతుంది, మధ్యలో నెత్తురు పారుతుంది. పట్టు పట్టినప్పుడు ముంజేయి బిగిసే ఉంటుంది, పైగా కొత్తవాళ్లు ఊపిరి బిగబడతారు. గుండె సిద్ధంగానే ఉంది, ముంజేయే లేదు. సైడ్ కంట్రోల్ (ఎదుటివాడు ఛాతీ మీద అడ్డంగా పడి నొక్కే స్థితి) కింద పడుకుని మొదలుపెట్టి, రెండు నిమిషాల రౌండ్లు నాలుగైదు, ప్రతి తోపుకీ గట్టిగా ఊపిరి వదులుతూ చేయిస్తే కొన్ని వారాల్లో తేడా కనిపిస్తుంది. రౌండ్‌కీ రౌండ్‌కీ మధ్య నిమిషంలో కోలుకోవడంలో మాత్రం ఫుట్‌బాల్ వాళ్లదే పైచేయి.

తట్టేయ్

అందరూ ఎంఎంఏని బూచిలా చూపిస్తున్నారు. మోకాలి లెక్కే తీస్తే సరదా ఫుట్‌బాలే ఎక్కువ భయపెట్టాలి. మ్యాట్ మీద నొప్పి రాకముందే ఓడిపోయానని చేత్తో రెండు సార్లు తడితే ఆట ఆగుతుంది. మైదానంలో తట్టడానికి ఏముంది? పరుగు మధ్యలో ఆగి తిరిగినప్పుడు, ఎవరూ తగలకుండానే ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) తెగుతుంది. బూటు పళ్లు గడ్డిలో దిగి పాదం కదలదు, మోకాలు లోపలికి పడుతుంది, అంతే. సహజ గడ్డికి చేసిన పొడుగు పళ్ల బూట్లతో సింథటిక్ టర్ఫ్ మీదికి దిగడం దీన్ని ఇంకా పెంచుతుంది. టర్ఫ్‌కి పొట్టి పళ్లు ఎక్కువగా ఉన్న జత వేరే ఉండాలి.

దానికి తోడు వార్మప్ ఉండదు. రెండు సార్లు కాళ్లు సాగదీసి, గోల్ మీదకి నాలుగు షాట్లు కొట్టి దిగిపోతారు. ఫిఫా 11+ అని 20 నిమిషాల పద్ధతి ఉచితంగా దొరుకుతుంది: 8 నిమిషాలు మెల్లటి పరుగులు, 10 నిమిషాలు బలం, ఎగరడం, బ్యాలెన్స్, చివర 2 నిమిషాలు వేగం. ఎంతమంది చేస్తారు?

మ్యాట్ మీద మోకాలికి నిజమైన ముప్పు హీల్ హుక్ (మడమ పట్టుకుని కాలిని మెలితిప్పే పట్టు). అందులో నొప్పి వచ్చేసరికే లిగమెంట్ పని అయిపోయి ఉండొచ్చు. బ్రెజిలియన్ జుజుట్సు సమాఖ్య ఐబీజేజేఎఫ్ 2021లో నోగీలో (గీ అనే మందపాటి అంగీ లేకుండా ఆడే రకంలో) దాన్ని అనుమతించింది కూడా బ్రౌన్, బ్లాక్ బెల్ట్ పెద్దవాళ్లకే. సరదాకి చేసేవాళ్లు అది వద్దని రౌండ్ మొదలవకముందే నోరు తెరిచి చెప్పాలి.

ఆఫ్‌సైడ్

మోకాలు కుట్టించుకోవచ్చు. తల సంగతేంటి? ఈ చర్చలో తల ఊసే రాలేదు.

రెండు ఆటలకీ తల ఒక్కటే, ఖాతా కూడా ఒక్కటే. 2021లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ ప్రొఫెషనల్ ఆటగాళ్లకే ప్రాక్టీసులో బలమైన హెడర్లు వారానికి 10 మించొద్దని చెప్పింది. వాళ్లు తలకి గుద్దులు తినరు. మనవాళ్లు ఆదివారం కార్నర్లకి హెడర్లు కొట్టి, మంగళవారం స్పారింగ్‌లో జాబ్‌లు (ముందు చేత్తో వేసే నేరు గుద్దులు) తింటారు, రెండూ విడివిడిగా "కొంచెమే" అనుకుంటారు. హెడ్‌గేర్ పెట్టుకున్నాం కదా అంటారేమో, అది చర్మం చిట్లకుండా కాపాడుతుంది, లోపల మెదడు కుదుపుని ఆపదు. మౌత్‌గార్డ్ పళ్ల కోసం.

అన్నిటికన్నా చెడ్డ అలవాటు, స్పారింగ్‌లో తల దిమ్మెక్కాక "ఈ వారం ఎంఎంఏ వద్దులే, ఫుట్‌బాల్ ఒక్కటే ఆడతా" అనడం. అనుమానం వస్తే రెండూ ఆగాలి. 24 నుంచి 48 గంటలు బరువు పనులు లేని విశ్రాంతి (చీకటి గదిలో పడుకోమని కాదు, మెల్లగా నడవొచ్చు). తర్వాత తేలిక వ్యాయామం, ఒంటరి డ్రిల్స్, దెబ్బ తగలని జట్టు డ్రిల్స్, డాక్టర్ సరేనన్నాక పూర్తి ప్రాక్టీస్, చివరికి ఆట. ఒక్కో మెట్టుకీ కనీసం 24 గంటలు. లక్షణాలు పూర్తిగా పోకుండా ఒంటరి డ్రిల్స్ దాటి పైకి పోకూడదు. వాంతులు ఆగకపోయినా, తలనొప్పి పెరుగుతున్నా, మాట తడబడినా, మెడ నొప్పి ఉన్నా మెట్ల లెక్క పక్కనపెట్టి ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

అందుకే నా మాట: ఫుట్‌బాల్ మానని వాళ్లకి తల మీద గుద్దుల స్పారింగ్ వద్దు. ఒంటి మీద గుద్దులు, కాళ్లు, గ్రాప్లింగ్ చాలు.

పదోనంబర్

ఆఫ్‌సైడ్ గారూ, తలకి దెబ్బ ఎప్పుడూ రాదనుకుని నేర్చుకున్న గార్డ్‌కి (మొహానికి చేతులు అడ్డం పెట్టడానికి) విలువేముంది? చేతులు దించేసే అలవాటు అలాగే ఉండిపోతుంది కదా.

ఆఫ్‌సైడ్

దానికి దెబ్బ అక్కర్లేదు, తాకితే చాలు. 16 ఔన్సుల గ్లోవ్స్‌తో, నుదుటి మీద తట్టే వేగంతో, ఒకరు జాబ్ మాత్రమే వేయడం, ఇంకొకరు ఆపడం మాత్రమే. మూడు నిమిషాలు చేసి పాత్రలు మార్చుకోవాలి. వేగం పెరిగితే ఎవరైనా ఆపాలి. అలా ఆపేవాళ్లు లేని చోట ఇదీ వద్దు.

పదోనంబర్

సరే, ఇది తీసుకుంటా. స్పారింగ్ విషయంలో నా మొదటి మాట సగం వెనక్కి.

మ్యాట్‌రూల్స్

ఏ రోజు ఏంటి అన్నదానికి ఎవరూ జవాబివ్వలేదు. మ్యాచ్‌లు బుధవారం, ఆదివారం అనుకుంటే:

సోమవారం మ్యాట్. ముందు రోజు మ్యాచ్ వల్ల తొడలు బరువుగా ఉంటాయి కాబట్టి టేక్‌డౌన్‌కి (ఎదుటివాడిని నేల మీద పడేయడానికి) దూకే పనులు వద్దు. చేతుల పోరు, పైనుంచి పట్టు నిలుపుకోవడం, తప్పించుకోవడం.

శుక్రవారం మ్యాట్. గట్టి పని ఇక్కడ: టేక్‌డౌన్లు, ప్యాడ్ల మీద తన్నులు. ఆదివారానికి దాదాపు 48 గంటలు ఉన్నాయి. కానీ రెండు మినహాయింపులు. క్లోజ్డ్ గార్డ్‌లో (వెల్లకిలా పడుకుని ఎదుటివాడి నడుము చుట్టూ కాళ్లు మెలేయడం) కాళ్లు బిగించి ఎక్కువసేపు ఉండొద్దు, అది తొడ లోపలి కండరాల్ని పిండేస్తుంది, ఆదివారం అడ్డపాస్ కొట్టేటప్పుడు గజ్జలో పట్టేస్తుంది. ఇక పిక్క మీద తన్నులు తినే డ్రిల్ అసలే వద్దు. మోకాలి పక్కన బయటి వైపు, చర్మం కిందే ఒక నరం పోతుంది. దాని మీద పడితే పాదం పైకి లేపడం కష్టమవుతుంది. అలాంటి పాదంతో పరుగెత్తితే చీలమండ మడతపడుతుంది. పాదం లేవకపోతే ఆడొద్దు, డాక్టర్‌కి చూపించండి.

నార్డిక్ హ్యామ్‌స్ట్రింగ్ (మోకాళ్ల మీద నిలబడి, చీలమండలు ఎవరైనా పట్టుకోగా మెల్లగా ముందుకు వాలే తొడ వెనక కండరాల వ్యాయామం) శుక్రవారం చేయొద్దు, సోమవారం క్లాసు అయిపోయాక చేయండి. మొదట 3 నుంచి 5 సార్లు చాలు, నెలల మీద 12–15కి పెంచుకోవచ్చు. మొదటి వారమే 15 చేస్తే బుధవారం మెట్లు దిగలేరు. గజ్జకి కోపెన్‌హాగెన్ ప్లాంక్ (పక్కకి తిరిగి, పై కాలు బల్ల మీద ఆనించి ఒంటిని లేపి ఉంచడం), పక్కకి 15–20 సెకన్లు, రెండు విడతలు.

తట్టేయ్

పట్టిక బాగుంది కానీ నిమిషాల్ని కష్టంతో గుణించే లెక్క కూడా పెట్టుకోవాలి. 90 నిమిషాల మ్యాచ్, కష్టం పదికి 7 అయితే 630. గంట టెక్నిక్, కష్టం 4 అంటే 240. వారం మొత్తం కూడి, తర్వాతి వారం అమాంతం పెరగకుండా చూసుకోవాలి.

మ్యాట్‌రూల్స్

రాసుకోండి, తప్పు లేదు. కానీ ఆ 630లో తల ఎంత, పిక్క ఎంత అన్నది అంకెకి తెలీదు. నలభై నిమిషాల స్పారింగ్, కష్టం 8 అనుకున్నా, 320 దగ్గరే ఆగిపోయి అమాయకంగా కనిపిస్తుంది.

ఇంకొకటి, చర్మం. టర్ఫ్ మీద జారి మోకాలు గీరుకుపోతే సోమవారానికి అది ఆరని పుండు. దానితో మ్యాట్ ఎక్కితే మీకు స్టాఫ్ (చీము పట్టించే బ్యాక్టీరియా) లాంటి ఇన్ఫెక్షన్, మీ నుంచి పక్కవాళ్లకి కూడా. సబ్బు నీళ్లతో గీతలో ఇరుక్కున్న రబ్బరు రేణువులు పోయేదాకా కడిగి కప్పండి, మూసుకునేదాకా రోలింగ్ వద్దు. బ్యాండ్ ఎయిడ్ అయిదు నిమిషాల్లో ఊడిపోతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. గుండ్రంగా అంచు లేచిన మచ్చ కనిపిస్తే తామర కావచ్చు. స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ రాస్తే దురద తగ్గినట్టే తగ్గి లోపల పాకుతుంది. అమెరికా కాలేజీ రెజ్లింగ్‌లో ఫంగస్ మందు రాయడం మొదలుపెట్టి కనీసం 72 గంటలు గడవందే బరిలోకి రానివ్వరు.

ఎడమకాలు

ఫుట్‌బాల్ షిన్‌గార్డ్స్‌తోనే ప్రాక్టీస్ తన్నులకి వెళ్లొచ్చా? ఇంకో జత ఎందుకు దండగ అనిపిస్తోంది.

గార్డ్‌పాస్

వద్దన్నా. ఫుట్‌బాల్ గార్డ్ మీ కాలిని కాపాడటానికి, ఎంఎంఏ గార్డ్ ఎదుటివాడిని మీ కాలి నుంచి కాపాడటానికి. గట్టి ప్లాస్టిక్ డొప్పతో పక్కటెముకల మీద తన్నితే రేపు మీతో ఎవరూ జట్టు కట్టరు. పైగా అది మేజోడు లేకుండా తిరిగిపోతుంది, పాదం పైభాగానికి కవచం ఉండదు. మెత్తటి ఫోమ్‌తో, పాదం కప్పే, సాక్స్‌లా తొడుక్కునే రకం తీసుకోండి.

అది ఉందని, చెక్ చేసిన (మీ తన్నుకి అడ్డంగా షిన్ ఎత్తిన) కాలి మీద బలంగా కొట్టకండి. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడు. 2013 డిసెంబర్‌లో యూఎఫ్‌సీ (పెద్ద ఎంఎంఏ పోటీల సంస్థ) 168లో క్రిస్ వైడ్‌మన్ చెక్ చేస్తే, తన్నిన అండర్సన్ సిల్వా కాలు విరిగింది. 2021 ఏప్రిల్‌లో యూఎఫ్‌సీ 261లో అదే వైడ్‌మన్ తన్నిన కాలు విరగ్గొట్టుకున్నాడు.

గ్లోవ్స్1

అందరూ మిడ్‌ఫీల్డర్లలా మాట్లాడుతున్నారు, గోల్‌కీపర్ లెక్క వేరు. కాళ్లు పర్లేదు, వేళ్లకే ముప్పు. బంతి తగిలి వాచిన వేలితో గీ పట్టు పడితే కీలు కుదురుకోదు. పక్క వేలితో కలిపి టేప్ చుట్టండి, కీలు మీద కాకుండా దానికి పైనా కిందా. ఆ వారం నోగీ చేయండి, వేళ్లు బట్టలో ఇరుక్కునే పని ఉండదు. బొటనవేలు వెనక్కి విరిగినట్టు తగిలితే, దానికీ చూపుడువేలికీ మధ్య కాగితం గట్టిగా పట్టుకుని చూడండి. పట్టు నిలవకపోతే టేప్‌తో సరిపెట్టుకోవద్దు, ఎక్స్‌రే తీయించి చేతి డాక్టర్‌కి చూపించండి.