ఆ మ్యాచ్‌లో ఒక్కడే ఆడుతున్నాడా? (కామెంటరీలో స్టార్ల భజన)

ఆరో నంబర్ జెర్సీ:

నిన్న రాత్రి 2022 వరల్డ్ కప్ సెమీఫైనల్, అర్జెంటీనా-క్రొయేషియా మ్యాచ్ మళ్లీ పెట్టుకుని చూస్తున్నాను. పక్క గదిలో అమ్మ. ఆమెకి ఫుట్‌బాల్ పట్టదు, కానీ సౌండ్ వినిపిస్తుంది కదా. సెకండాఫ్‌లో ఇక ఉండబట్టలేక అక్కడి నుంచే అడిగింది: "ఏంట్రా, ఆ మ్యాచ్‌లో ఒక్కడే ఆడుతున్నాడా?"

నవ్వేశాను. కానీ ఆ మాట బుర్రలో తిరుగుతూనే ఉంది.

ఆ మ్యాచ్ 3-0. అందులో రెండు గోల్స్ అర్జెంటీనా ఫార్వర్డ్ హూలియన్ అల్వారెజ్‌వి. మెస్సీ కొట్టిన పెనాల్టీ కూడా గోలీ లివకోవిచ్ అల్వారెజ్‌ని పడగొడితేనే వచ్చింది. అంటే మూడు గోల్స్‌లోనూ అతని చెయ్యి ఉంది (కాలు అనాలేమో). గోడ అవతలున్న మనిషికి మాత్రం మెస్సీ పేరొక్కటే వినపడింది.

ముందే చెప్తున్నా, నేను మెస్సీ హేటర్‌ని కాదు. 69వ నిమిషంలో కుడి లైన్ పక్కనుంచి అతను పరిగెత్తిన పరుగు ఎన్నిసార్లు చూశానో నాకే తెలీదు. కాకపోతే నేను ఆడేది డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డ్, అంటే మా డిఫెండర్ల ముందు నిలబడి అవతలివాళ్లని ఆపే పని. వారం వారం ఎవడో ఒకడు నన్ను దాటుకుని పోతుంటాడు. కాబట్టి నా కళ్లు క్రొయేషియా డిఫెండర్ గ్వార్డియోల్ మీదికి పోతాయి. అప్పటికి అతనికి 20 ఏళ్లు, విరిగిన ముక్కు మీద నల్ల మాస్క్. దాదాపు సగం గ్రౌండ్ మెస్సీ వీపుకి అంటుకుని పరిగెత్తాడు. మెస్సీ ఆగితే ఆగాడు, తిరిగితే తిరిగాడు. చివర్లో గోల్ లైన్ దగ్గర, ఒక్క మలుపులో, దొరికినట్టే దొరికి జారిపోయాడు మెస్సీ. నేను విన్న కామెంటరీలో గ్వార్డియోల్ పేరు వచ్చింది ఓడిపోయిన ఆ చివరి క్షణంలోనే. అంతకు ముందంతా అతను ఊరికే వెంట వచ్చినట్టు!

ఇంకోటి. ఒకే పనికి రెండు రకాల మాటలు. స్టార్ నడుస్తుంటే "ఆటని చదువుతున్నాడు". మామూలు ప్లేయర్ నడిస్తే "అలిసిపోయాడు, మార్చేయాలి". స్టార్ పాస్ తప్పితే ఆలోచన గొప్పది, అవతలివాడు అందుకోలేకపోయాడు. అదే పాస్ రైట్‌బ్యాక్ తప్పితే అజాగ్రత్త. ఇది నిజంగా పక్షపాతమేనా, లేక నాకే ఎలర్జీ పట్టుకుందా? మీలో ఎవరికైనా ఇలా అనిపిస్తుందా?


మైక్ పట్టినోడు:

ఆరో నంబర్ గారూ, అటువైపు కూర్చున్నవాడిగా నాలుగు మాటలు. నేనేమీ పెద్ద కామెంటేటర్‌ని కాదు. మా పాత విద్యార్థుల టోర్నమెంట్‌ని రెండేళ్లు యూట్యూబ్‌లో లైవ్ ఇచ్చాం, మైక్ నాకు అంటగట్టారు.

మొదటి పావుగంటలోనే తెలిసొచ్చింది. చేతిలో రెండు టీమ్‌ల లిస్ట్ ఉంటుంది. కానీ నంబర్ వీపు మీద ఉంటుంది, వాడు మనవైపు మొహం పెట్టి పరిగెత్తుకొస్తుంటాడు. అలాంటప్పుడు నోటికి వచ్చేది అప్పటికే తెలిసిన పేరే. మా టోర్నమెంట్‌లో ఒక టీమ్ కెప్టెన్ పొడుగు జుట్టు వేసుకుని తిరిగేవాడు, కిలోమీటర్ దూరం నుంచి గుర్తుపట్టొచ్చు. కార్నర్ దగ్గర గుంపులోంచి ఒకడు హెడర్ కొట్టాడు, నేను కెప్టెన్ పేరు పెట్టి గొంతు చించుకుని అరిచాను. కొట్టింది 14వ నంబర్ కుర్రాడు. అదే అతని మొదటి గోల్. మ్యాచ్ అయ్యాక వాళ్ల నాన్నగారు వచ్చి మెల్లిగా అడిగారు: "బాబూ, వీడియోలో ఆ ఒక్క ముక్క మార్చడానికి వీలవుతుందా?" వీలవలేదు. లైవ్ కదా. ఇప్పటికీ ఆ వీడియోలో ఆ గోల్ నా నోట కెప్టెన్‌దే.

పెద్ద మ్యాచ్‌ల విషయానికొస్తే, కామెంటేటర్ ముందు ఒక మానిటర్ ఉంటుంది. మీరు ఇంట్లో చూసే బొమ్మే అందులోనూ. తెర మీద ఏముంటే దాని గురించి మాట్లాడాలి, అదే ఆ ఉద్యోగం. అసలు చాలామంది స్టేడియం మొహం కూడా చూడరు, స్టూడియోలో కూర్చుని చెప్పేస్తారు. వరల్డ్ కప్‌కైతే 2002 నుంచి హెచ్‌బీఎస్ అనే ఒకే సంస్థ బొమ్మ తీసి అన్ని దేశాలకీ పంపిస్తుంది. 2022లోనే పోర్చుగల్-స్విట్జర్లాండ్ మ్యాచ్ గుర్తుందా? రొనాల్డోని బెంచ్ మీద కూర్చోబెట్టారు. బదులు దిగిన గొంసాలో రామోస్ హ్యాట్రిక్ కొట్టాడు, 6-1. అయినా కెమెరా మాటిమాటికీ బెంచ్ దగ్గరికే పోయింది. తెర మీద రొనాల్డో మొహం పెట్టి రామోస్ గురించి మాట్లాడమంటే ఎవడి వల్లవుతుంది చెప్పండి.


ఏడో నంబర్ భక్తుడు:

అబ్బో, స్టార్లని మోస్తున్నారట! మా వాడి విషయంలో అంతా తిరగబడే ఉంటుంది. యూరో 2024 (యూరప్ దేశాల కప్), పోర్చుగల్-స్లొవేనియా మ్యాచ్. ఎక్స్‌ట్రా టైమ్‌లో రొనాల్డో పెనాల్టీని స్లొవేనియా గోలీ ఓబ్లాక్ ఆపేశాడు, రొనాల్డో గ్రౌండ్‌లోనే ఏడ్చాడు. ఆ రోజు బీబీసీ వాళ్లు తెర మీద వేసిన క్యాప్షన్ "మిస్టియానో పెనాల్డో" (క్రిస్టియానో రొనాల్డో పేరుకి మిస్, పెనాల్టీ అతికించి). 39 ఏళ్లవాడు ఏడుస్తుంటే పేరు మీద జోకా? మామూలు ప్లేయర్ పెనాల్టీ మిస్సయితే అలా వేస్తారా? పొగడ్తా వాళ్లకే ఎక్కువ, తిట్లూ వాళ్లకే ఎక్కువ.


ఆరో నంబర్ జెర్సీ:

భక్తుడు గారూ, ఆ క్యాప్షన్ నాకూ నచ్చలేదు. కానీ మీరు నా కేసునే గెలిపిస్తున్నారు. ఆ రాత్రి షూటౌట్‌లో పోర్చుగల్ గోలీ డియోగో కోస్టా వరసగా మూడు పెనాల్టీలు ఆపాడు. యూరో షూటౌట్‌లో ఏ గోలీ అంతకు ముందు చేయని పని అది. దానికి కాస్త ముందే స్లొవేనియా ఫార్వర్డ్ షెష్కో ఒంటరిగా దూసుకొస్తే కాలు అడ్డంపెట్టి మ్యాచ్‌ని నిలబెట్టాడు. మరి ఇప్పుడు మీరు ఆ మ్యాచ్ అనగానే ఏం చెప్పారు? రొనాల్డో ఏడవడం. కోస్టా పేరు మీ పోస్ట్‌లోనే లేదు!

(2022 వరల్డ్ కప్‌లో ఉరుగ్వే మీద బ్రూనో ఫెర్నాండెస్ క్రాస్ నేరుగా గోల్ అయితే దాన్ని కూడా మొదట రొనాల్డో ఖాతాలోనే వేశారు. బంతిలో ఉన్న సెన్సర్ రొనాల్డో తల తగలలేదని తేల్చింది. మీ గుండె నొప్పించాలని కాదు లెండి.)

మైక్ గారూ, 14వ నంబర్ కుర్రాడి నాన్నగారు మాత్రం నన్ను వదలడం లేదు.


లేట్ నైట్ మ్యాచ్:

పక్షపాతం ఉంది. కానీ ఒక్క స్టార్-నాన్‌స్టార్ గొడవే కాదు. 2020లో రన్‌రిపీట్ అనే సంస్థ ఇంగ్లండ్ ప్లేయర్ల సంఘం పీఎఫ్ఏతో కలిసి 80 మ్యాచ్‌ల ఇంగ్లిష్ కామెంటరీని జల్లెడ పట్టింది. నాలుగు దేశాల లీగ్‌లు. తెల్లటి ఒంటి రంగు ఉన్నవాళ్లని మెచ్చుకునేటప్పుడు తెలివి, కష్టం అనే మాటలు ఎక్కువ వచ్చాయి. నల్లటివాళ్లని మెచ్చుకునేటప్పుడు బలం, వేగం. చెప్పేవాళ్లలో ఎంతమందికి ఆ సంగతి తెలిసి ఉంటుందంటారు? మీరు పట్టుకున్న "చదువుతున్నాడు, అలిసిపోయాడు" కూడా ఆ తరహాదే. కావాలని చేసేది కాదు, నోటికి పట్టిన అలవాటు.

మీకు నచ్చని ముక్క కూడా చెప్తాను. అల్వారెజ్ రెండు గోల్స్ కొట్టిన ఆ సెమీఫైనల్లో ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ ఎవరు? మెస్సీ. ఇచ్చింది కామెంటేటర్ కాదు, అభిమానుల ఓట్లు. కామెంటేటర్ తెలివైనవాడు, కొట్టు ముందు నిలబడ్డవాళ్లు ఏం అడుగుతున్నారో చూసి అదే తూచి ఇస్తున్నాడు.


మైక్ పట్టినోడు:

ఆ తూకం మాట బాగుంది గానీ పూర్తిగా ఒప్పుకోను. పదేళ్లుగా ఒకటే సరుకు పెడితే జనం మాత్రం ఇంకేం అడుగుతారు? మాంచెస్టర్ సిటీకి 2012లో ప్రీమియర్ లీగ్ టైటిల్ తెచ్చిన గోల్ తీసుకోండి, గడియారంలో 93:20. గోల్ కొట్టిన అగ్వేరో పేరు సాగదీసి అరిచిన ఆ అరుపు ప్రపంచమంతా నోటికి వచ్చు. కింద పడిపోతూ, కాలి చివరతో బంతిని అతనికి తోసింది తోటి ప్లేయర్ బాలొటెల్లి. ప్రీమియర్ లీగ్‌లో అతని మొత్తం కెరీర్‌కి అదొక్కటే అసిస్ట్ (గోల్‌కి అందించిన పాస్). అరుపులో అతను లేడు. ఉండే వీలూ లేదు, రెండు సెకన్లలో అయిపోయింది.

ఆరో నంబర్ గారూ, ఒక పని చేయండి. సౌండ్ తీసేసి, ఒక మ్యాచ్‌కి మీరే కామెంటరీ చెప్పండి, గట్టిగా. అమ్మగారు ఎలాగూ ఉన్నారు వినడానికి.


ఆరో నంబర్ జెర్సీ:

చేశాను. ఫైనల్ పెట్టాను, అర్జెంటీనా-ఫ్రాన్స్. అమ్మని పక్కనే కూర్చోబెట్టి, మ్యూట్ చేసి మొదలుపెట్టాను. అర్జెంటీనా డిఫెండర్ల పేర్లన్నీ ముందు రాత్రే బట్టీ పట్టాను. ఒటమెండి, రొమేరో, తాలియాఫికో, అందరికీ న్యాయం చేద్దామని.

మొదటి పది నిమిషాలు బాగానే నడిచింది. తర్వాత గొంతు ఎండిపోయింది. ఆ తర్వాత ఫ్రాన్స్ ప్లేయర్ డెంబెలే అర్జెంటీనా డి మరియాని పడేశాడు, పెనాల్టీ. కెమెరా ఎవరి మీదికి పోయిందో వేరే చెప్పాలా? బంతి పట్టుకుని నిలబడ్డ మెస్సీ మొహం, కాళ్లు, మళ్లీ మొహం. అంతసేపు మాట్లాడటానికి నా దగ్గర ఇంకేముంది? కుడికాలి బూటు గురించి కూడా ఏదో వాగాను. అమ్మ నావైపు తిరిగి, "నువ్వూ అదే పేరు చెప్తున్నావు కదరా" అంది.

36వ నిమిషంలో డి మరియా గోల్ దగ్గర మాత్రం పట్టుదలగా ఉన్నాను. మీరూ ఒకసారి చూడండి. అర్జెంటీనా మిడ్‌ఫీల్డర్ మాక్ అలిస్టర్ మెస్సీకి ఇచ్చి ఆగలేదు, పరుగు అందుకున్నాడు. మెస్సీ ఒక్క టచ్‌తో అల్వారెజ్‌కి, అల్వారెజ్ ముందుకి. అప్పటికే అక్కడికి చేరిపోయిన మాక్ అలిస్టర్ అడ్డంగా డి మరియాకి. మాక్ అలిస్టర్ పేరు రెండుసార్లూ చెప్పి తీరాలని ముందే అనుకున్నాను. మొదటిసారి చెప్పాను. రెండోసారి "మాక్ అ..." అనేసరికి బంతి వలలో ఉంది.